డిజైన్ ఉచితం అన్నంత కాలం

నాయకుడికి పుట్టినరోజు వస్తే రాత్రంతా మేలుకునేది ఫ్లెక్సీ షాపు కుర్రాడు. మదనపల్లె అయినా, పుంగనూరు అయినా, కుప్పం అయినా ఆ ముందురోజు రాత్రి తీరు ఒకటే. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోల్లోంచి తలలు కత్తిరించాలి. ఎవరి తల ఎవరి తలకంటే పెద్దగా ఉండాలో అడిగి తెలుసుకోవాలి. పేర్లలో దీర్ఘాలు, ఒత్తులు పోకుండా చూసుకోవాలి. తెల్లారేసరికి అది ఫ్రేముకెక్కి కూడలిలో నిలబడాలి. ఇంటర్ మధ్యలో ఆపేసినవాడో, డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వచ్చేవాడో ఆ సిస్టమ్ ముందు కూర్చుని కోరల్‌డ్రా, ఫొటోషాప్ నేర్చుకుంటాడు. పేరుకు ఆపరేటర్. ఈ మూడు ఊళ్లలో గ్రాఫిక్ డిజైనర్ తయారయ్యే చోటు ప్రధానంగా ఇదే.

అందుకే ‘మా ఊళ్లో డిజైన్ నేర్చుకునే వీల్లేదు, బెంగళూరో హైదరాబాదో పోవాల్సిందే’ అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పనిముట్లు నేర్పే బడి ఊరూరా ఉంది. దానికి సర్టిఫికెట్ లేదు, అంతే. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలకు కొదవ లేదు. ఐటీఐ చదువుల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అనే ఏడాది ట్రేడు కూడా ఉంది. కరువైంది మరొకటి. చేసిన పనిని ముందేసుకుని ‘ఈ అక్షరం ఇక్కడ ఎందుకుంది, ఈ రంగు ఎందుకు?’ అని అడిగే మనిషి దొరకడం లేదు. ఆ మనిషి ఎందుకు లేడో తెలియాలంటే షాపు బిల్లు పుస్తకం తిరగేస్తే చాలు.

ఫ్లెక్సీ ధర చదరపు అడుగుకు ఇంత. కరపత్రాలైతే వెయ్యికి ఇంత. శుభలేఖలైతే కార్డుకు ఇంత. డిజైన్‌కు ఎంత అని గిరాకీ అడగడు, యజమాని చెప్పడు. ప్రింటు మా దగ్గర తీసుకుంటే డిజైన్ ఉచితం. ఇందులో యజమానుల దురాశ వెతకనక్కర్లేదు. పక్క వీధి షాపు ఉచితంగా చేసిపెడుతుంటే ఈయనొక్కడే బిల్లులో ఇంకో వరస రాస్తే వచ్చిన గిరాకీ మెట్లు దిగిపోతుంది. కానీ డబ్బు రాని పనికి ఎవరూ గంటలు కేటాయించలేరు. అరగంటలో ముగించాలంటే పోయినేడాది ఫైలు తెరిచి ఫొటో మార్చి, పేరు మార్చి, సేవ్ చేయడమే దారి. రెండోసారి దిద్దే అవకాశమే లేని చోట చెయ్యి వేగం పెరుగుతుంది గాని కన్ను పెరగదు. ఎనిమిదేళ్లు కూర్చున్నా మొదటి ఏడాది దగ్గరే ఆగిపోయిన పనివాళ్లు ఈ రంగంలో కనబడేది ఇందుకే.

ఈ జీవనం ఎంత పలచటి పునాది మీద ఉందో 2022లో బయటపడింది. ఆ ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి విశాఖపట్నంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు. షాపులవాళ్లు మొరపెట్టుకుంటే గడువు 2023 జనవరి 26కు జరిగింది. యంత్రాల మీద తెచ్చిన అప్పు ఏమవుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఆ యంత్రానికి ఫైలు పంపే కుర్రాడు మరో పనికి మారగలడా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. అది ఎవరి నోటా రాలేదు. నిషేధం వచ్చినా రాకపోయినా మరో వైపు నుంచి ఒత్తిడి వచ్చేసింది. 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన కాన్వా లాంటి యాప్‌లు ఫోన్‌లోనే ముందే తయారుచేసిన నమూనాలు ఇస్తున్నాయి. ఉచితంగా చేసిపెట్టే షాపుకు అంతకన్నా ఉచితమైన పోటీ. ఇప్పుడు ఏఐ బొమ్మలు సరేసరి.

బయటి నుంచి పరికరాలు తెచ్చిపెడితే సమస్య తీరుతుందనే ఆశ కుప్పానికి కొత్త కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో నాకు ఇప్పటికీ ఆసక్తి కలిగించే భాగం ఒకటుంది. స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరా, మోసుకెళ్లగల ప్రింటరు, సౌర విద్యుత్తుతో నడిచే ఏర్పాటు ఇచ్చి గ్రామ ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. కరెంటు నమ్మకం లేని పల్లెల్లో పెళ్లికీ పుట్టినరోజుకీ గుర్తింపు కార్డుకీ అక్కడికక్కడే ఫొటో తీసి చేతిలో పెట్టారు వాళ్లు. స్మార్ట్‌ఫోన్ లేని రోజుల్లో అది చిన్న సాహసం కాదు. ప్రపంచ పత్రికల్లో రాశారు, మేనేజ్‌మెంట్ బడుల్లో పాఠమైంది. ప్రాజెక్టుకు అనుకున్న కాలం మాత్రం మూడేళ్లే. ఫొటో తీయగలిగిన మనిషి ఆల్బమ్ కూర్చడం, అక్షరం పేర్చడం, తన పేరుతో ఒక స్టూడియో నిలబెట్టుకోవడం వరకు వెళ్లాలంటే కంపెనీ వెళ్లాక కూడా ఊళ్లో మిగిలే తోడు కావాలి. దాన్ని పెంచడానికి మూడేళ్లు చాలవు. ఈ మాట ఇప్పుడు తలపెట్టే ప్రతి నైపుణ్య కేంద్రానికీ వర్తిస్తుంది. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ కట్టించే ముందు ఎవరైనా ఆలోచిస్తే మంచిది.

పెద్ద చదువుల దారి లేకపోలేదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ శాఖ 2015లో మొదలైంది. అందులో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. ఇంటర్ ఏ గ్రూపు చదివినా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. కడపలో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, మదనపల్లె నుంచి అదేమంత దూరం కాదు. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. ఇంజినీరింగ్ సీటు వివరాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగల జూనియర్ కాలేజీల్లో ఈ పరీక్షల పేరు ఎత్తే అధ్యాపకుడు ఎక్కడో ఒకరుంటారు. హైస్కూల్లో డ్రాయింగు పీరియడ్ లెక్కల మాస్టారికి ధారాదత్తమై చాలా కాలమైంది. బొమ్మ వేసే పిల్లవాడిని గుర్తించే మొదటి కన్ను అక్కడే పోయింది.

అయితే అందరూ ఆ దారిన పోలేరు, పోనక్కర్లేదు కూడా. మన సినిమా పోస్టరు చరిత్రే చూడండి. పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఈశ్వర్ డిజైన్ బడిలో చదవలేదు. పోస్టర్ల చిత్రకారుడు కేతా దగ్గర పని నేర్చుకున్నారు. 1967లో బాపు తీసిన ‘సాక్షి’తో పోస్టర్ల పనిలో సొంతంగా అడుగుపెట్టి వందల సినిమాలకు రూపం ఇచ్చారు, చివరికి ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమే రాశారు. ఆయనకు దొరికింది ఏమిటి? ఒక గురువు, గురువు చుట్టూ పనివాళ్లు, వాళ్ల చుట్టూ దర్శకులూ నిర్మాతలూ పత్రికలవాళ్లూ. ఒకరి పని ఇంకొకరి కంటబడేది, మాట పడేది, పోటీ పుట్టేది. ఇప్పుడు ఆంగ్లంలో నెట్‌వర్కింగ్ అని గొప్పగా చెబుతున్నదాంట్లో సారం ఇంతే. విజిటింగ్ కార్డులు పంచుకోవడం దాని చివరి మెట్టు.

మదనపల్లెకు ఇది తెలియని సంగతి కాదు. అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన థియోసాఫికల్ కాలేజీకి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో, 1919లో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడికి వచ్చి బస చేయడం, జనగణమనను ఆంగ్లంలోకి తేవడం, మార్గరెట్ కజిన్స్ దాని బాణీ రాసుకోవడం ఊరంతా చెప్పుకునే కథ. ఆ కథలో ఇంకో సంగతి మరుగున పడింది. కజిన్స్ కళా విమర్శకుడు. భారతీయ చిత్రకళ గురించి దక్షిణాదికి చెబుతూ తిరిగినవాడు; తర్వాత తిరువనంతపురంలో శ్రీ చిత్రాలయం ఏర్పాటుకు తోడ్పడినవాడు. చిన్న ఊరి కాలేజీ ఎంత పెద్దవాళ్లను పిలవగలిగితే అంత పెద్దదవుతుందని ఆయన చేసి చూపించాడు. నేడు అదే ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, యాప్ తెరల డిజైన్ మీద మనసుపడ్డ బీటెక్ పిల్లలున్నారు. వాళ్లకూ, రెండు వీధుల అవతల ప్రెస్సులో ఇరవయ్యేళ్లుగా ప్లేట్లూ సిరాలూ ఎరిగిన పనివాడికీ ముఖపరిచయం లేదు. తెర మీద మెరిసే రంగు కాగితం మీద ఎందుకు చచ్చిపోతుందో ఆయన ఐదు నిమిషాల్లో చెప్పగలడు. వాళ్లు ఆయనకు యాప్ తెరలు గీసే ఫిగ్మా చూపించగలరు.

బెంగళూరు దగ్గరుంది. కుప్పం నుంచి రైల్లో పొద్దున పోయి రాత్రికి రావచ్చు. మదనపల్లె నుంచి బస్సులోనూ అంతే. అక్కడ డిజైనర్ల కూడికలు జరుగుతూనే ఉంటాయి. కానీ ఉత్త చేతులతో పోయి వెనక వరసలో కూర్చుని వచ్చేస్తే ఒరిగేదేమీ ఉండదు. ఇక్కడి పిల్లలు తీసుకుపోగల సరుకు ఒకటుంది, దాని విలువ వాళ్లకే తెలియదు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అక్కడి పిల్లలు తెలుగు, తమిళం, కన్నడం వింటూ పెరుగుతారు. చాలామంది కనీసం రెండు లిపులు చదువుతారు. ఒకే మందు పెట్టె మీద, ఒకే బ్యాంకు యాప్ తెర మీద దక్షిణాది లిపులన్నీ కూర్చాల్సిన కంపెనీలు బెంగళూరు నిండా ఉన్నాయి. కన్నడ తలకట్టుకూ తెలుగు తలకట్టుకూ తేడా కంటితో పట్టగలిగినవాడు, తమిళంలో మాట నిడివి పెరిగితే పెట్టె ఎక్కడ పగులుతుందో ముందే చూడగలిగినవాడు ఆ కంపెనీలకు సులువుగా దొరకడు. ద్రావిడ భాషల కోసమే 1997లో పెట్టిన విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. భాషాశాస్త్రం పక్కన లిపి రూపకల్పనకు ఒక చిన్న కోర్సు, ఒక కార్యశాల నడపడానికి దేశంలో అంతకంటే తగిన చోటు నాకు తోచడం లేదు. ఇంతవరకు ఆ ఆలోచన ఎందుకు రాలేదో మరి.

ఇక్కడే మన డీటీపీ సెంటర్ల పాత ముడి ఒకటి విప్పాలి. అను ఫాంట్లతో పాత పద్ధతిలో పేజ్‌మేకర్‌లో కొట్టిన మేటర్ కాగితం మీద అందంగానే ఉంటుంది. దాన్ని ఫోన్‌లోకి, వెబ్‌లోకి తెస్తే గజిబిజి గుర్తులైపోతుంది. గూగుల్‌కు దొరకదు, కాపీ కాదు. యూనికోడ్‌కు మారమంటే ‘మంచి ఫాంట్లు లేవండీ’ అనేవారు. ఒకప్పుడు నిజమే. తర్వాత పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర అందరికీ పంచిన మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతున్నాయని మానేసినవాళ్లూ ఉన్నారు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా లిపులను అమర్చే ఇంజిన్‌ను ఎంచుకుంటే పాత వెర్షన్లలో ఆ బాధ తీరేది. ఇంత చిన్న కిటుకు ఏళ్ల తరబడి షాపులకు చేరలేదంటే, పనివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు లేదనడానికి వేరే రుజువెందుకు? ఏఐ బొమ్మల్లో తెలుగు అక్షరాలు ఎంత వికారంగా వస్తాయో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. అది రేపు మెరుగుపడొచ్చు. మెరుగుపడింది సరైందా కాదా చెప్పడానికైనా అక్షరం తెలిసిన కన్ను కావాలి.

పని కూడా బయటెక్కడో వెతకనక్కర్లేదు. నీరుగట్టువారిపల్లెలో ఒకవైపు టమోటా మార్కెట్, మరోవైపు పట్టు మగ్గాలు. మదనపల్లె పట్టుచీర కొన్న మనిషికి దాన్ని ఎవరు నేశారో, ఎక్కడ నేశారో చెప్పే చీటీ ఎన్ని పెట్టెల్లో ఉంది? పుంగనూరు పొట్టి ఆవులు 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో మేత మేస్తూ దేశమంతా కనబడ్డాయి. ఊరి పేరుకు అంత ప్రచారం డబ్బిచ్చినా రాదు. దాన్ని పట్టుకుని నెయ్యి డబ్బాకు ఒక మర్యాదైన లేబుల్, పెంపకందారులకు ఒక నమ్మకమైన గుర్తు తయారుచేసిన డిజైనర్‌కు ఏడాది పొడుగునా పని ఉంటుంది. పలమనేరు మట్టిబొమ్మలు, చిత్తూరు మామిడి గుజ్జు అన్నీ పక్కనే ఉన్నాయి. ఇలాంటి నాలుగు నిజమైన పనులు, డిజైనర్లు తమ పని చూపించుకునే వెబ్‌సైట్ బిహాన్స్‌లో పెట్టినవాడిని బెంగళూరువాళ్లే వెతుక్కుంటూ వస్తారు. హాలీవుడ్ పోస్టరును అనుకరించిన పది ఫైళ్లకు ఆ బలం లేదు.

ఈ పనివాళ్లంతా ఒకచోట కలవడానికి నెలకో ఆదివారం మూడు ఊళ్లలో వంతులవారీగా ఒక గది చాలు. ఒక్కొక్కరు ఆ నెలలో చేసిన ఒక్క పని గోడకు అంటించాలి, మిగతావాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడాలి. ఇంటి నుంచి ఫ్రీలాన్స్ చేసే అమ్మాయిలు ఫ్లెక్సీ షాపులో రాత్రి పన్నెండు దాకా కూర్చుని నేర్చుకోలేరు. వాళ్లకు కాలేజీ గదిలో పగటి పూట కూడిక మరీ అవసరం. యజమానుల భయం నేను ఊహించగలను: నేర్పిస్తే కుర్రాళ్లు ఎగిరిపోతారని. కొందరు పోతారు. పోయినవాళ్ల దగ్గర్నుంచి ప్రింటు పని తిరిగి రావడం కూడా ఉంటుంది. బెంగళూరు అద్దెలతో చూస్తే ఇక్కడి ధరలు ఎవరికి చేదు?

ఇక డిజైన్‌కు డబ్బు ఎవరిస్తారన్నది మిగిలింది. ఏ షాపూ తనంతట తాను ఆ వరస మొదలుపెట్టదు. పెళ్లివాళ్లు ఇవ్వరు, పార్టీలవాళ్లు ప్రింటు డబ్బే వాయిదాల్లో ఇస్తారు. ఏడాది పొడుగునా బోర్డులూ కరపత్రాలూ పథకాల పోస్టర్లూ అచ్చువేయించే అతి పెద్ద గిరాకీలు మున్సిపాలిటీలు, ప్రభుత్వ శాఖలు. ప్రింటింగుకు పిలిచే కొటేషన్లో చదరపు అడుగు ధర కింద డిజైన్ రుసుము అని విడిగా ఒక గడి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. మదనపల్లె మున్సిపాలిటీ నుంచి మొదలుపెట్టొచ్చు.