తాగే నీళ్ళకే ఎసరు

ముత్తుకూరు నుంచి విడవలూరు దాకా నెల్లూరు తీరం రొయ్యల చెరువులతో నిండిపోయింది. మొలగొలుకుల వరికి పేరుపడ్డ జిల్లాలో ఈ సాగు వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ మాట ఒప్పుకోవలసిందే. కానీ దాని వెనకే పెరుగుతున్న ముప్పు గురించి ఇప్పుడు గట్టిగా చెప్పకపోతే ఆనక చెప్పినా ఫలితం ఉండదు.

పట్టుబడి రోజున తూము ఎత్తగానే ముందు పైనీరు పోతుంది. చివరికి అడుగున పేరుకున్న నల్లబురద కదులుతుంది. తినకుండా మిగిలిన మేత, రొయ్యల విసర్జన, చచ్చిన నాచు, వాడిన మందుల అవశేషాలు అన్నీ అందులోనే. కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. ఆ బురదనీరు పక్క కాలువలోకి, అటునుంచి బకింగ్‌హాం కాలువకో కండలేరు క్రీక్‌కో చేరుతుంది. ఇంకో రైతు మోటారు వేసి చెరువుకు తోడుకునేదీ ఆ నీళ్ళనే. ఒక చెరువులో తెగులు పడితే పది చెరువులకు పాకడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. 1994లో టైగర్ రొయ్యను తెగులు తుడిచిపెట్టినప్పుడు ఈ జిల్లా రైతులు అప్పుల పాలయ్యారు. తరవాత దాని స్థానంలో వెనామీ రకం రొయ్య వచ్చింది. కాలువ మాత్రం అదే.

చెరువు పోతే మళ్ళీ తవ్వుకోవచ్చు. మంచినీళ్ళ సంగతి అలా కాదు. తీరాన ఇసుక కింద తియ్యటి నీరు పలచటి పొరగా ఉప్పునీటి మీద తేలుతుంటుంది. ఒకప్పుడు చెలమ తోడి మత్స్యకారులైన పట్టపువాళ్ళు, యానాదులు తాగింది ఆ నీరే. చెరువుల్లోని ఉప్పు పైనుంచి ఇంకుతోంది. ఎండాకాలంలో చెరువు ఉప్పదనం తగ్గించడానికి బోర్లు వేసి మంచినీటిని తోడేకొద్దీ కింది నుంచి సముద్రం పైకొస్తోంది. ఒకసారి చవిటిబారిన ఆ పొర ఒకటి రెండు వానాకాలాలతో తేరుకోదు.

ఇవేవీ కొత్తగా తెలిసినవి కావు. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నెల్లూరు జిల్లా మత్స్యకార గ్రామం ఒకటి తాగునీటికి పడిన అగచాట్లు నమోదై ఉన్నాయి. తీర నియంత్రణ మండలంలో రొయ్యల పరిశ్రమ ఉండరాదని, పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపల అసలే వద్దని కోర్టు చెప్పింది. పాడు చేసినవాడే నష్టపరిహారం చెల్లించాలంది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, ఆ మండల నిషేధం నుంచి ఈ సాగును తప్పించింది. బతుకుతెరువు కోసమన్న మాటను అర్థం చేసుకోగలం. అయితే మినహాయింపుతో పాటు వచ్చిన, నీళ్ళు పాడవకుండా చూసే బాధ్యతను అమలు చేయించడంలో ప్రభుత్వాలు చూపిన అలసత్వాన్ని క్షమించలేం.

రొయ్యల రైతుకు ప్రభుత్వం రాయితీ మీద కరెంటు ఇస్తోంది. ఆ రాయితీని రిజిస్ట్రేషనుకూ, మురుగునీటిని నిలిపి తేర్చే చెరువుకూ ముడిపెట్టాలి. చిన్న రైతుకు విడిగా ఆ చెరువు తవ్వే స్తోమత ఉండదు కనుక ఊరికొకటి ఉమ్మడిగా ప్రభుత్వమే కట్టించాలి. తీర మండలాల బోర్లలో ఉప్పదనాన్ని ఏటా కొలిచి, ఆ లెక్కను గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. వచ్చే పంటకు పిల్ల వదిలేలోపే ఈ పని మొదలు కావాలి.