క్యాంపు కబుర్లు: దస్తీ ఎవరి వెనక?

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం మా రూమువాళ్లం దమ్మాం కార్నిష్‌కు పోయాము. గడ్డి మీద సౌదీ పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. ఒక పిల్లగాడు టోపీ పట్టుకుని చుట్టూ తిరుగుతూ, చప్పుడు కాకుండా ఒక చిన్నపిల్ల వెనక పడేసి ఉరికాడు. ఆ పిల్ల టోపీ దొరకబుచ్చుకుని వెంటపడింది. వాడు ఆమె జాగాలో కూర్చుని బతికిపోయాడు.

అన్నా, ఇది మన దస్తీ ఆటే కదా! పక్కనున్న పెద్దాయనను అడిగితే ‘తాక్ తాక్ తాకియా’ అన్నాడు. తాకియా అంటే గుత్రా కింద పెట్టుకునే టోపీ. క్యాంపులో చెప్తే మా పాకిస్తానీ డ్రైవర్ ఒకటే నవ్వు. వాళ్ల పంజాబ్‌లో అది ‘కోక్లా ఛపాకీ’. గుడ్డను తాడులాగా పేని, వెనక్కి చూసినవాడి వీపు మీద కొడతారు. బంగ్లా భాయ్ అయితే ‘రుమాల్ చురీ’ అన్నాడు. ఎక్కడో కంబోడియాలో కూడా ఏప్రిల్‌లో వచ్చే కొత్త సంవత్సరానికి పిల్లలు ఇదే ఆడతారు, పేరు ‘లేక్ కన్సెంగ్’. పేర్లు ఎన్ని ఉన్నా కాయిదా ఒకటే: వెనక్కి చూడొద్దు, చేత్తో తడుముకోవాలి.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా బిడ్డను అడిగాను. ఏడేండ్ల పిల్ల. ఆ ఆట తెలియనే తెలియదంది. ఫోన్‌లోనే నేర్పాను. మళ్లీ శుక్రవారం చేసేసరికి వాడకట్టు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆడించిందట.

“డాడీ, నువ్వొచ్చినంక నీ వెనకనే ఏస్త. చూడొద్దు మరి” అంది.

నా సెలవుకు ఇంకా ఎనిమిది నెలలుంది.