కొండమీద మేక – చెరువులో మన్ను

చెరువు పూడితే మనం చెరువునే తిడతాం; ఆ మన్ను ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవారు తక్కువ. మన పాఠకులలో పెక్కుమంది పూర్వులు నాగలీ కాడీ పట్టుకొని తమిళదేశానికీ, కన్నడదేశానికీ తరలివచ్చినవారే. మన్ను కొట్టుకుపోవటమంటే ఏమిటో వారికి మేము వేరే చెప్పనక్కరలేదు. ఈ నెల ఉత్తరాదిన జరిగిన ఒక ముచ్చట మాత్రం మనవి చేస్తాము.

చండీగఢ్ నగరం కడుతున్న రోజులలో, 1958లో, శివాలిక్ కొండల అడుగున ఒక వాగుకు కట్టవేసి సుఖనా సరస్సును నిర్మించారు. పట్నవాసులు సాయంకాలం షికారు పోవటానికి, పడవ ఎక్కటానికి చక్కని తావు. అయితే పదిహేనేళ్లు తిరిగేసరికి సరస్సు సగానికి పైగా పూడిపోయింది. తర్వాతి కాలంలో నగర జనులు పలుగూ పారా పట్టి శ్రమదానం కూడా చేశారు. కాని తట్టతో ఎత్తేది ఎంత, వానతో వచ్చేది ఎంత?

శ్రీ పి. ఆర్. మిశ్రా అనే భూసంరక్షణ నిపుణులు ఆ మన్ను జాడ తీయించారు. జాడ సుఖోమాజ్రీ అనే చిన్న పల్లెకు చేరింది. ఊరిపైన కొండ బోడిగా వున్నది. మొలిచిన మొక్కను మొలిచినట్టే మేకలు కొరికేసేవి. శివాలిక్ కొండలు గట్టి రాయి కావు, వదులు మట్టి. ఆకూ గడ్డీ అడ్డం లేనిచోట చినుకు సూటిగా నేలను కొడుతుంది, మన్ను చెదురుతుంది, పారే నీరు దానిని మోసుకుపోతుంది. నేటి చిన్న కాలువ నాలుగేళ్లకు పెద్ద గండి అవుతుంది.

మొక్కలు నాటుతాము, మేకలు తోలవద్దు అంటే ఊరివారికి రుచించలేదు. వారిని తప్పుపట్టగలమా? పల్లెవాని మేకల నోరు కట్టి పట్నవాసి పడవ తేల్చటం ఏ ధర్మం?

1976లో ఊరిపైన ఒక మట్టికట్ట వేశారు. ఉద్దేశం మన్ను ఆపటమే. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. పైరు వాడుతున్నది, కట్టవెనుక నీళ్లు కళ్లెదుట నిలిచివున్నవి. ఆ నీరు పొలాలకు పారించగా పైరు బతికింది. కొండ కరిగితే కట్ట పూడుతుంది, కట్ట పూడితే తమ నీరే పోతుంది అని ఊరికి అప్పుడు తెలిసివచ్చింది.

ఇంకొక చిక్కు మిగిలింది. నీళ్లు పొలమున్నవారికి, మేకలు మానుకోవటం పొలం లేనివారికీనా? ఈ ప్రశ్నకు ఊరు చెప్పిన జవాబే కథకు ప్రాణం. పొలమున్నా లేకున్నా ఇంటింటికీ నీటిలో సమానమైన వంతు అన్నారు. అక్కరలేనివాడు తన వంతు అమ్ముకోవచ్చు. ఇక కొండకు కంచె అవసరం లేకపోయింది. ఊరే కంచె అయింది. మేకలు తగ్గి గేదెలు వచ్చినవి. గడ్డి కోసి ఇంటివద్దనే మేపసాగారు. తాళ్లకూ కాగితం మిల్లులకూ పనికివచ్చే భబ్బర్ గడ్డి సంఘానికి ఆదాయం తెచ్చింది. ఆ వైపునుంచి సరస్సుకు చేరే మన్ను చాలామేరకు తగ్గింది.

కథ ఇక్కడితో సుఖాంతమని చెప్పలేము. తర్వాతి సంవత్సరాలలో గడ్డి ఆదాయంలో సర్కారు వాటా ఎంత, ఊరి వాటా ఎంత అన్న తగవు వచ్చింది. వంతు తగ్గినకొద్దీ శ్రద్ధా తగ్గింది. అన్నదమ్ముల ఉమ్మడి సంసారం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం వుండదు.

మన సంఘాలవారు కూడా వానకాలంలో మొక్కలు నాటుతుంటారు. మంచిదే. కాని గునపం పట్టకముందు రెండు మాటలు అడగండి: ఎండాకాలంలో దీనికి నీరు పోసేదెవరు? రేపు దీని నీడా పండూ ఎవరివి? ఈ రెంటికీ ఒకే పేరు జవాబుగా వస్తే ఆ మొక్క బతుకుతుంది. దాని కింది మన్నూ నిలుస్తుంది.