పనిముట్ల ముచ్చట్లు: శిబిరానికి ఏ గొడ్డలి?

పిల్లలూ! నిజాయితీగల కట్టెలవాడి కథ మీకందరికీ తెలిసినదే. గొడ్డలి ఏట్లో పడిపోతే వాడు గట్టున కూచుని ఏడ్చాడు. దేవత నీళ్ళలోంచి మొదట బంగారు గొడ్డలీ, తరవాత వెండి గొడ్డలీ తెచ్చి చూపింది. వాడు రెండూ తనవి కావన్నాడు. చివరకు ఇనపగొడ్డలి తెస్తే, అదే తనదని సంతోషంగా పుచ్చుకున్నాడు.

కట్టెలవాడి నిజాయితీని అందరూ మెచ్చుకుంటారు. వాడి తెలివిని మటుకు ఎవరూ మెచ్చుకోరు! ఆ బంగారు గొడ్డలితో వాడు ఒక్క కట్టె అయినా కొట్టగలిగేవాడా? లెక్క చూడండి. ఒక ఘన సెంటీమీటరు ఇనుము దాదాపు 7.9 గ్రాములు తూగుతుంది. అంతే బంగారం 19.3 గ్రాములు తూగుతుంది. అంటే 600 గ్రాముల ఇనపగొడ్డలిని అదే కొలతకు బంగారంతో పోతపోస్తే అది కిలోన్నరకు దగ్గిరగా ఉంటుంది. పోనీ, బరువు మోశాడే అనుకుందాం. మేలిమి బంగారం మెత్తనిది. నాలుగు దెబ్బలకు దాని వాదర మడతపడిపోతుంది. మెరిసేది వేరు, పనిచేసేది వేరు. గొడ్డలి కొనేవాడు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

ఇప్పుడీ సంగతి ఎందుకు వచ్చిందంటే, ఎనిమిదో తరగతి చదివే పాఠకుడు ఒకడు ఇలా రాశాడు: "దసరా సెలవుల్లో మా స్కౌట్ల శిబిరం ఉన్నది. మా జట్టుకు గొడ్డలి తెచ్చే పని నాకు అప్పగించారు. మా నాన్న, పెద్దది కొంటే ఇంట్లోకి కూడా పనికొస్తుందంటున్నారు. మా అమ్మ, చిన్నదయితేనే కొనమంటున్నది, చిన్నదానితో భయం లేదట. ఎవరి మాట వినను?"

బాబూ, ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉన్నది, కొంత పొరపాటూ ఉన్నది. ముందు నాన్నగారి మాట చూద్దాం.

గొడ్డలి అంటే ఏమిటి? కామ తగిలించిన మేకు, అంతే! కట్టెలో నారలన్నీ నిలువునా, పక్కపక్కనే పేర్చిన దారాల్లాగా ఉంటాయి. గొడ్డలి వాదర వాటి మధ్య దూరుతుంది. వెనకనుంచి వచ్చే మందమైన భాగం వాటిని చెరో పక్కకూ నెడుతుంది. కట్టె చీలిపోతుంది. అందుకే కట్టెను నిలబెట్టి నిలువునా చీల్చటం తేలిక, అడ్డంగా నరకటం కష్టం.

దెబ్బ బలం ఎక్కడిది? కొంత గొడ్డలి బరువుది, కొంత దాని వేగానిది. బరువు రెండింతలయితే దెబ్బలోని శక్తి రెండింతలవుతుంది. వేగం రెండింతలయితే మటుకు శక్తి నాలుగింతలవుతుంది! పెద్దవాళ్ళు చెట్లు కొట్టే గొడ్డలి తల కిలోన్నర పైగా ఉంటుంది, కామ 75 నుంచి 90 సెంటీమీటర్లుంటుంది. పదమూడేళ్ళ పిల్లవాడు దాన్ని ఎత్తగలడు, కాని వేగంగా దించలేడు. మూడో దెబ్బకే చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే గురి తప్పుతుంది. గురి తప్పిన గొడ్డలి ఎవరి మాటా వినదు. కనక నీకు పెద్ద గొడ్డలి వద్దు. తల 500 నుంచి 700 గ్రాములూ, కామ 35 నుంచి 40 సెంటీమీటర్లూ ఉంటే శిబిరంలో వంటకట్టెలకు సరిగ్గా సరిపోతుంది.

అయితే అమ్మగారి మాటే నెగ్గిందా? అదీ లేదు! చిన్నగొడ్డలితో భయం లేదనుకోవటం పెద్ద పొరపాటు. ఒక చీపురుపుల్లా, ఒక పొడుగాటి కర్రా తీసుకుని నిలబడి చూడండి. పొడుగుకర్రను గొడ్డలిలాగా పైనుంచి ముందుకు దించితే, దాని కొస మీ పాదాలకు దూరంగా నేలకు తగిలి ఆగిపోతుంది. చీపురుపుల్లను అలాగే దించండి. అది నేలను అందుకోదు. సున్నా చుట్టినట్టు తిరిగి నేరుగా మీ మోకాలి వైపుకే వస్తుంది! పొట్టికామ గొడ్డలి కట్టెను తప్పినా, కట్టెను చీల్చి ఇవతలికి వచ్చినా, చేసే పని ఇదే.

దీనికి విరుగుడు చాలా తేలిక. చిన్నగొడ్డలితో నిలబడి కట్టెలు కొట్టరాదు. మోకాళ్ళ మీద కూచుని, ఎదురుగా ఒక మొద్దు వేసుకుని, కట్టెను మొద్దుకు అవతలి అంచున నిలబెట్టి కొట్టాలి. అప్పుడు గొడ్డలి గురి తప్పినా మొద్దుకో, నేలకో తగులుతుంది గాని కాలిదాకా రాదు.

ఇక దుకాణానికి వెళదాం. అమ్మో నాన్నో తోడు ఉండాలి సుమా! ముందు తల చూడాలి. మామూలు ఇనుము మెత్తన. అందులో నూటికి ఒక పాలు కన్న తక్కువగా కర్బనం కలిస్తే ఉక్కు అవుతుంది. కమ్మరి ఆ ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే అది చాలా గట్టిపడుతుంది, కాని గాజులాగా పెళుసెక్కుతుంది. అందుకని మళ్ళీ కొద్దిగా వేడిచేసి ఆ పెళుసుతనం పోగొడతాడు. మంచి గొడ్డలికి వాదర దగ్గిర గట్టిదనం ఉంటుంది. వెనక భాగం కొంత మెత్తగా ఉండి దెబ్బ అదురును ఓర్చుకుంటుంది.

ఈ విద్యలో మనవాళ్ళు ఒకప్పుడు ప్రపంచానికే గురువులు. తెలంగాణలో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టిమూసల్లో ఉక్కు కరిగించేవారు. పర్షియా వర్తకులు అంత దూరంనుంచి వచ్చి ఆ ఉక్కును కొనుక్కుపోయేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని "వూట్జ్" అన్నారు. అది మన "ఉక్కు" అనే మాటే నోరు తిరగక అలా అయిందని చాలామంది పండితుల అభిప్రాయం.

దుకాణంలో ఉక్కును పరీక్షించటానికి చిన్న ఆకురాయి చాలు. దుకాణదారును అడిగి వాదర మూల ఒక్కసారి మెల్లిగా రాయండి. ఆకురాయి కొద్దిగా పట్టి జరిగితే మంచి ఉక్కు. వెన్నలో దిగినట్టు దిగితే మెత్తన, పదును నిలవదు. అసలు పట్టకుండా అద్దం మీద జారినట్టు జారితే మరీ పెళుసు, వాదర పెచ్చులూడవచ్చు. తరవాత గొడ్డలిని వెల్లకిలా పట్టుకుని, వాదర వెంబడి ఒంటికన్నుతో చూడండి. వాదరా, కామా ఒకే గీతలో ఉండాలి. వంకరగా ఉంటే ప్రతి దెబ్బా పక్కకు పోతుంది.

రెండోది కామ. రంగు పూసిన కామను కొనవద్దు. రంగు కింద పగుళ్ళూ, ముళ్ళూ దాక్కుంటాయి. కామ కొసన గీతలు కనిపిస్తాయి, చూడండి. అవి వాదర ఉన్న దిక్కుకే ఉండాలి. అడ్డంగా ఉంటే కామ ఏదో ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. మన ఊళ్ళలో చిరుమానుతోనూ, తుమ్మతోనూ చేసిన కామలు చాలా గట్టివి. చిరుమానును బండి ఇరుసులకు కూడా వాడేవారంటే దాని బలం ఎంతో మీరే ఊహించుకోండి.

మూడోది, అన్నిటికన్న ముఖ్యమయినది, తలా కామా కలిసేచోటు. చేతితో తలను పట్టుకుని గట్టిగా ఊపండి. పిసరంత కదిలినా ఆ గొడ్డలి వద్దు. ఎందుకో చెబుతాను.

చిన్నప్పుడు నేను వెళ్ళిన ఒక శిబిరంలో మా గొడ్డలి తల కాస్త వదులయింది. మాలో పెద్దవాడొకడు, "రాత్రంతా నీళ్ళలో పడేస్తే అదే బిగుస్తుంది," అన్నాడు. పడేశాం. పొద్దున చూస్తే నిజంగానే బిగిసింది! వాణ్ణి అందరం మెచ్చుకున్నాం. రెండు రోజులు ఎండ కాసింది. మూడోనాడు ఒకడు గొడ్డలి ఎత్తి దించాడు. కామ చేతిలోనే ఉన్నది, తల లేదు! అది గాలిలో ఎగిరి వెళ్ళి అన్నపు గుండిగ పక్కన నేలలో దిగబడింది. అక్కడ కూచుని నిప్పు ఊదుతున్న కుర్రవాడు అప్పుడే నీళ్ళకోసం లేచి వెళ్ళాడు. వాడు ఒక్క నిమిషం ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నీళ్ళు చేసిన మోసం ఏమిటి? చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. కాని చుట్టూ ఇనుము ఉన్నది, ఉబ్బటానికి చోటేదీ? దానితో నారలు లోపలికే నలిగిపోయాయి. ఎండకు ఆరాక ఆ చెక్క మునుపటికన్న కూడా సన్నబడింది. నీళ్ళ బిగింపు రెండు రోజుల ముచ్చట, తరవాత అపాయం.

సరి అయిన పద్ధతి ఇది. గొడ్డలి తల కిందికి వచ్చేలాగా కామను నిలువుగా గాలిలో పట్టుకుని, పైన ఉన్న కామ కొస మీద కొయ్యసుత్తితో కొట్టాలి. కామ కిందికి దిగుతుంది. బరువైన తల జడత్వంవల్ల ఉన్నచోటే ఉండిపోతుంది. అలా దెబ్బ దెబ్బకూ కామ తలలోకి బిగుస్తుంది. తరవాత పైన కొత్త చెక్కమేకు దిగగొట్టాలి. ఈ పని పెద్దవాళ్ళు చేస్తూ ఉంటే మీరు చూసి నేర్చుకోండి. అప్పటికీ కదిలితే కామ మార్పించటమే మేలు.

కొన్నారు, తెచ్చారు. ఇక వాడటం. మీ అంత పిల్లలు గొడ్డలిని తల మీదికి ఎత్తనవసరమే లేదు. సన్నకట్టెనూ గొడ్డలినీ కలిపి పట్టుకోండి, వాదర కట్టె కొసకు ఆనాలి. రెంటినీ కలిపే జానెడు ఎత్తి మొద్దు మీద కొట్టండి. వాదర కట్టెలో దిగుతుంది. ఇంకో రెండు దెబ్బలకు చీలుతుంది. కట్టె పట్టుకున్న చెయ్యి వాదరకు బాగా కిందుగా ఉండాలి.

పచ్చికట్టెలు కొట్టి లాభం లేదు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో ఇంచుమించు సగం నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు ఆవిరి కావటానికే మంటలోని వేడి ఖర్చవుతుంది, మీ కళ్ళలోకి పొగ వస్తుంది. పైగా పచ్చనిచెట్టు మీద గొడ్డలి వేసేవాడు స్కౌటు కాడు. రాలిన ఎండుకొమ్మలు చాలు, అవి కూడా ఆ స్థలం ఎవరిదో వారిని అడిగి ఏరుకోవాలి. అడవి అయితే అటవీశాఖవారి అనుమతి ఉండాలి.

ఈ అయిదు నియమాలు కాగితం మీద రాసి శిబిరంలో తగిలించండి:

1. చేతిలో గొడ్డలి ఉండగా చెయ్యి చాచి చుట్టూ తిరిగితే ఎంత మేర వస్తుందో, దానికి రెండింతల దూరంలో ఎవరూ ఉండరాదు.

2. గొడ్డలి అందించేటప్పుడు, పుచ్చుకునేవాడు "అందింది" అనేదాకా వదలరాదు.

3. పని కాగానే వాదరకు తోలు ఒర తొడగాలి. తోలు లేకపోతే చీల్చిన పాత రబ్బరుగొట్టం అయినా సరే. గొడ్డలిని ఎన్నడూ నేలమీద పడవేసి వెళ్ళరాదు.

4. గొడ్డలి వెనకభాగం సుత్తి కాదు. దానితో ఇనపమేకులు కొట్టరాదు, దానిమీద మరో గొడ్డలితో కొట్టరాదు.

5. చీకటి పడ్డాక గొడ్డలి ముట్టరాదు.

పెద్దలకు ఒక మాట. మొద్దుబారిన గొడ్డలే ఎక్కువ అపాయకరం. అది కట్టెలో దిగక జారి పక్కకు వస్తుంది. కనక సానపట్టి ఇవ్వండి. కామకు ఏడాదికోసారి అవిసెనూనె పట్టించండి. ఆ నూనెగుడ్డను మటుకు ఉండచుట్టి మూల పడవెయ్యకండి, దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట ఆరెయ్యండి.

చివరగా ఇంకొక గొడ్డలి సంగతి చెబుతాను. 1929లో ఇంగ్లండులో ఆరో పార్కు అనేచోట ప్రపంచ స్కౌట్ల జాంబోరీ జరిగింది. ఎన్నో దేశాల పిల్లలు వచ్చారు. ముగింపునాడు స్కౌట్ల ఉద్యమానికి మూలపురుషుడయిన బేడెన్ పవెల్ ఒక గొడ్డలిని యుద్ధానికి గుర్తుగా అందరి ఎదుటా పాతిపెట్టి, దేశదేశాల స్కౌట్లకు శాంతికి గుర్తుగా బంగారురంగు బాణాలు ఇచ్చి పంపాడు. ఆయన పాతిపెట్టినది యుద్ధపు గొడ్డలిని. వంటకట్టెలు కొట్టే గొడ్డలి మటుకు శిబిరాల్లో అలాగే ఉండిపోయింది!

కనక బాబూ, చిన్నగొడ్డలే కొను. అమ్మగారికి మోకాళ్ళ మీద కూచుని కొడతానని మాట ఇయ్యి, నాన్నగారిచేత తల ఊపించి చూపించు. శిబిరంలో మోకాలికి అడ్డం పెట్టి విరిస్తే విరిగే పుల్లలు కనిపిస్తే, గొడ్డలిని ఒరలోనే ఉండనియ్యి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అని మన పెద్దలు ఊరికే అనలేదు.