చూసినందుకు కూలి ఇవ్వడం నేర్చుకుందాం

ఈసారి పంట గురించి కాదు, కారు గురించి రాస్తున్నా. చివరికి మళ్ళీ పంట దగ్గరికే వస్తుంది లెండి.

నా దగ్గర 2012 మోడల్ డీజిల్ కారు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మొన్న ఎండాకాలం దానికో జబ్బు పట్టుకుంది. పోతా పోతా ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మళ్ళీ వారం దాకా బాగానే నడుస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం ఒక్కసారి కూడా ఆగదు.

మూడోసారి ఆగినప్పుడు కారులో మా అమ్మ ఉంది. కంటి ఆపరేషన్ తర్వాత డాక్టరుకు చూపించుకుని వస్తున్నాం. ఇటుకల ట్రాక్టర్ని దాటుతుంటే ఎదురుగా లారీ. సరిగ్గా అప్పుడే ఇంజన్ పోయింది. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువైపోతుంది, రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. ట్రాక్టర్ అబ్బాయి చూసి పక్కకు తీశాడు కాబట్టి ఈ రోజు కూర్చుని రాస్తున్నా.

ఇక ఖర్చు సంగతి. మొదటి మెకానిక్ ‘డీజిల్లో చెత్త ఉంది’ అని ఫిల్టర్ మార్చి, ట్యాంకు కడిగాడు. 2,200. పది రోజులకు మళ్ళీ ఆగింది. రెండో ఆయన స్కానర్ పెట్టాడు. పి0335 అని కోడ్ వచ్చింది. ‘క్రాంక్ సెన్సర్ పోయింది’ అని కొత్తది వేశాడు. 2,800. ఎనిమిదో రోజు మళ్ళీ ఆగింది. మూడో చోట ‘పంపు విప్పాలి, 35 వేలు చూసుకో’ అన్నారు. అక్కడ ఆగాను.

ఈ సెన్సర్ పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. ఆ పళ్ళు దాటిపోవడాన్ని సెన్సర్ కనిపెట్టి కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. ఆ కబురు ఆగిపోతే ఇంజన్ ఆగిందనుకుని కంప్యూటర్ డీజిల్ కట్ చేస్తుంది. కబురు అందకపోవడానికి సెన్సరే పాడవ్వాలని లేదు. మధ్యలో వైరు తెగినా, సాకెట్లో పిన్ను వదులైనా అందదు. పి0335 చెప్పేది కూడా అదే: క్రాంక్ సెన్సర్ సర్క్యూట్లో లోపం ఉందని. మా మెకానిక్ ‘సెన్సర్’ అన్నంత వరకే చదివాడు, ‘సర్క్యూట్’ దాకా పోలేదు. ఏ చేలో రోగం ఉందో కోడ్ చెబుతుంది. ఏ పురుగో మనమే ఆకు తిప్పి చూసుకోవాలి.

నేను చేసింది ఒకటే. కూలీల లెక్కలు రాసే పుస్తకంలోనే ఒక పేజీ తీసి, ఆగిన ప్రతిసారీ రాసుకున్నా. ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ఎండ ఎలా ఉంది, గతుకా నున్నటి రోడ్డా, మీటర్లో ముల్లు ఏం చేసింది. ఐదుసార్లు రాసేసరికి దాని గుట్టు కొంత తెలిసింది. పొద్దున్నే ఎప్పుడూ ఆగలేదు. పాతిక కిలోమీటర్లు దాటి బాగా వేడెక్కాకే, అదీ ఎక్కువగా గతుకుల్లోనే ఆగింది.

ఇంకో గుర్తు ఉంది, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. గేరులో ఉండి కారు దొర్లుతుంటే ఇంజన్ పోయినా చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి. డీజిల్ అందక ఆగితే ఆర్పీఎం ముల్లు కారు వేగంతో పాటే మెల్లగా దిగాలి. నాకు కారు నలభైలో దొర్లుతుండగానే ముల్లు టక్కున సున్నాకు పడింది. ఆగాక సెల్ఫ్ కొట్టినా కదల్లేదు. అంటే పోయింది డీజిల్ కాదు, కబురు.

ఆ పేజీ పట్టుకుని పక్క ఊళ్ళో హార్వెస్టర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి పోయా. పేజీ అంతా చదివి, ‘సెన్సర్ కొత్తదే కాబట్టి ముందు వైరు చూద్దాం బాబాయ్’ అన్నాడు. ఇద్దరం ముప్పై కిలోమీటర్లు తిప్పి వేడెక్కించాం. ఇంజన్ నడుస్తుండగా కర్రపుల్లతో వైర్లు ఒక్కొక్కటీ కదిపాడు. ఒకచోట కదపగానే ఇంజన్ ఆగిపోయింది. సెన్సర్ సాకెట్‌కు నాలుగు అంగుళాల అవతల, వేడి పైపు పక్కన, వైరు ఒరుసుకుని లోపల రెండు మూడు పోగులే మిగిలాయి. చల్లగా ఉంటే అంటుకుంటున్నాయి, వేడికీ కుదుపుకీ విడిపోతున్నాయి. ఆ ముక్క కోసి, కొత్తది అతికి, స్లీవ్ వేసి పైపుకు దూరంగా కట్టాడు. సామాను 150. రెండున్నర గంటల పనికి 200 అడిగాడు. అదే ఎండలో అదే రోడ్డు మీద నాలుగుసార్లు తిరిగాకే నేను నమ్మా. రెండు నెలలైంది, మళ్ళీ ఆగలేదు.

ఇప్పుడు అసలు మాట. ‘మెకానిక్‌లంతా దొంగలు’ అని మనం తేలిగ్గా అనేస్తాం. నేను అనను. తప్పులో సగం మనది. సామాను మారిస్తే 2,800 మారు మాట్లాడకుండా ఇచ్చా. అదే ఆయన రెండు గంటలు వెతికి ‘ఏమీ మార్చలేదు, చూసినందుకు 500 ఇవ్వు’ అంటే గొడవ పడేవాణ్ణి. వెతికితే కూలి రాదు, మారిస్తే డబ్బులొస్తాయి. అలాంటప్పుడు ఎవరైనా మార్చడమే కదా చేసేది?

పురుగుమందుల కొట్లోనూ ఇదే జరుగుతోంది. మిర్చిలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. రెంటికీ మందు ఒకటి కాదు. ఆకు తిప్పి చూస్తే నిమిషంలో తేలే పని. మనం మాత్రం ‘ముడత వచ్చింది, ఏదోటి ఇవ్వు’ అంటాం. కొట్టాయన సలహాకు రూపాయి తీసుకోడు, అదంతా సీసాల మీద రాబట్టుకుంటాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఒకే ట్యాంకులో మూడు నాలుగు మందులు కలిపి కొట్టిన వాళ్ళం మనమే కదా.

‘పాత కారుకు అంతెందుకు, అమ్మేయరాదా’ అన్నారు కొందరు. ఆ లోపంతోనే అమ్మితే ఇంకొకడి అమ్మను అందులో కూర్చోబెట్టినట్టే. పైగా 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటికీ సెన్సర్లు, కంప్యూటర్లు వచ్చేశాయి. రేపు దుక్కి మధ్యలో ఈ తంటా మనందరికీ తప్పదు.

అందుకని చెప్పేది. ఆగినప్పుడల్లా రాసుకోండి. కోడ్ చెరిపేయకముందే ఫోటో తీసుకోండి, బ్యాటరీ విప్పితే అది పోవచ్చు. సామాను మార్చేముందు వైరు, సాకెట్, ఎర్త్ చూడమనండి. బండి చావిడి పక్కన పెడితే ఎలుకలు వైర్లు కొరికాయేమో చూసుకోండి. నడుస్తున్న ఇంజన్ దగ్గరికి భుజాన తువ్వాలుతో వంగకండి, బెల్టు లాక్కుంటుంది.

ఆ కుర్రాడికి 200 కాదు, 500 ఇచ్చా. ‘ఎక్కువిచ్చావ్ బాబాయ్’ అన్నాడు. ‘అతికినందుకు 200, వెతికినందుకు 300’ అన్నా. అంతకుముందు పోసిన ఐదు వేల కంటే ఆ 300 ఇచ్చినప్పుడే నా మనసు హాయిగా ఉంది.