పని మానేసిన పాతికేళ్లకు జబ్బు.. చూపించడానికి రికార్డేది? ఆస్బెస్టాస్ కార్మికులకు అసలు చిక్కు ఇదే!

ఫ్యాక్టరీలో పని మానేసి పాతికేళ్లవుతుంది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, తగ్గని పొడిదగ్గు. ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లకు జబ్బు చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. అప్పటికి పని ఉండదు, కొన్నిసార్లు ఫ్యాక్టరీయే ఉండదు. మరి జబ్బు ఆ పనివల్లే వచ్చిందని చెప్పేదెలా?

ఇంత ఆలస్యం ఎందుకు?

ఆస్బెస్టాస్‌నే తెలుగులో రాతినార అంటారు. దీని పోగులు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి. గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దీన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పైపొరకు వచ్చే మీసోథెలియోమా అనే క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. మీసోథెలియోమా బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. పొగతాగే అలవాటు ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది.

గనులు బంద్.. దిగుమతి చాలూ

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. కొత్త లీజులు ఇవ్వడం కేంద్రం 1986లో ఆపేసింది. 1993 నుంచి పాత లీజుల రెన్యువల్ కూడా నిలిపేసింది. దిగుమతి మాత్రం ఆగలేదు. రష్యా లాంటి దేశాల నుంచి ఏటా లక్షల టన్నుల తెల్ల ఆస్బెస్టాస్ వస్తోంది. అందులో ఎక్కువ భాగం ఇళ్లపై వేసే సిమెంటు రేకులకే పోతోంది. సిమెంటులో కలిపి జాగ్రత్తగా వాడితే ముప్పు లేదన్నది పరిశ్రమ వాదన. అయితే తెల్లదైనా సరే, అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. 50కి పైగా దేశాలు నిషేధించాయి. అమెరికా కూడా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌పై నిషేధం ప్రకటించింది.

కోర్టు ఏం చెప్పింది?

ఈ ఆలస్యాన్ని సుప్రీంకోర్టు 1995లోనే లెక్కలోకి తీసుకుంది. కార్మికుడి ఆరోగ్యం ఆర్టికల్ 21 కింద ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చింది. ప్రతి కార్మికుడి హెల్త్ రికార్డును చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటివరకు దాచాలని ఆదేశించింది. జబ్బు ఉన్నట్టు తేలిన కార్మికులకు లక్ష రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 1985లో 20 ఏళ్ల వయసులో చేరి, 1990లో మానేసిన కార్మికుడి రికార్డు గడువు 2025తో అయిపోయింది. ఆయన వయసు అప్పటికి అరవై. జబ్బు బయటపడే వయసు అదే! అంటే కాగితం అవసరమయ్యే సమయానికే దాన్ని దాచాల్సిన బాధ్యత యాజమాన్యానికి తీరిపోతోంది.

అసలు రికార్డే లేనివాళ్లు?

ఫ్యాక్టరీ కార్మికుడికి మస్టర్ రోల్‌లో పేరైనా ఉంటుంది. రేకులు కోసే, బోల్టుల కోసం డ్రిల్ చేసే, పాత షెడ్లు కూల్చే అడ్డా కూలీలకు అదీ లేదు. మేస్త్రీ పిలిస్తే వెళ్తారు, సాయంత్రానికి కూలి తీసుకుంటారు. పైన కదలకుండా ఉన్న రేకు కంటే, కోసే రేకు, పగిలే రేకుతోనే దుమ్ము ఎక్కువ. ఆ దుమ్ము బట్టలకు అంటి ఇంట్లోవాళ్ల దాకా కూడా వెళ్తుంది.

ఏం చేయాలి?

ఆస్బెస్టాస్ పని చేసినవాళ్లు ఆయాసంతో ఆసుపత్రికి వెళ్తే, ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ స్లిప్పులు, పాత ఐడీ కార్డు పారేయొద్దు. రేకులు కోసే ముందు నీళ్లతో తడపాలి. పవర్ కట్టర్ వాడకపోవడమే మంచిది.

ఇక ప్రభుత్వాల వంతు. పని మానేసేటప్పుడే హెల్త్ రికార్డు కాపీ కార్మికుడి చేతికి ఇప్పించాలి. మూతపడిన ఫ్యాక్టరీల రికార్డులు కార్మిక శాఖ తీసుకుని భద్రపరచాలి. ఎనభై, తొంభైల్లో పనిచేసినవాళ్లకు జబ్బు బయటపడే కాలం ఇదే. ఇప్పుడు ఆ కాగితాలు పోతే, తర్వాత పరిహారం కోసం చూపించడానికి వాళ్ల దగ్గర ఎక్స్‌రే తప్ప ఇంకేం మిగలదు.