రక్షణ సలహాదారుని ఎన్నుకొనుట ఎట్లు?

మన కళాశాలలో వాణిజ్యశాస్త్రం అభ్యసిస్తున్న విద్యార్థులలో కొందరు రేపు తమ తండ్రుల రైసుమిల్లులలోనో, సామిల్లులలోనో, రొయ్యల శుద్ధి కర్మాగారాలలోనో యజమాని కుర్చీలో కూర్చుంటారు. మరికొందరు అటువంటి చోట్లనే కూలికో గుమాస్తా పనికో చేరుతారు. మొదటివారు తీసుకొనే నిర్ణయాలపై రెండవవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అట్టి నిర్ణయాలలో ఒకటి, పనిచేసే చోట ఆరోగ్యానికీ భద్రతకూ సలహాదారుని ఎన్నుకొనడం. దానిని గురించి మా అభిప్రాయాన్ని మనవి చేస్తున్నాము.

2017 మార్చి 30వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు సమీపాన ఒక ఆక్వా కర్మాగారంలో, మురుగునీటి తొట్టి వద్ద అయిదుగురు కార్మికులు విషవాయువుకు బలి అయ్యారు. కుళ్ళిన పదార్థం నిలువ ఉన్న తొట్లలో హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. స్వల్పంగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మితిమీరితే ముక్కు ఆ వాసననే పసిగట్టలేదు. దిగినవాడు కూలిపోతే, వానిని లాగబోయినవాడూ కూలిపోతాడు. దిగేముందు లోపలి గాలిని పరికరంతో పరీక్షించడం, పైన తాడు పట్టుకొని ఒక మనిషి నిలబడి ఉండడం కొత్తగా కనిపెట్టవలసిన విద్యలు కావు. ముందుగా చెప్పేవాడొకడు, విని పాటించేవాడొకడు ఉండాలి.

చెప్పేవాని పేరిట మన ప్రాంతంలో ఎవరిని పిలుస్తున్నారు? తనిఖీ అధికారి వస్తున్నాడని తెలిసిన తరువాత, వారం రోజులలో కాగితాలు సిద్ధం చేసిపెట్టేవానిని పిలిచే యజమానులు లేకపోలేదు. ఒక మిల్లుకు వ్రాసిన నివేదికలోనే పేరు మార్చి మరొక మిల్లుకు ఇచ్చే ప్రబుద్ధులూ ఉన్నారు. (పేరు మార్చడం మరచినవారూ ఉండకపోరు!) నిప్పునార్పే సిలిండర్లు అమ్మేవాడే సలహాదారుగా వస్తే, ఆ మిల్లులోని లోపమల్లా సిలిండర్లు చాలకపోవడమే అవుతుంది. ప్రమాదకర రసాయనాలను గురించిన 1989 నాటి నిబంధనలను 1994లో సవరించినప్పుడు, భద్రతా తనిఖీ ఆ పరిశ్రమతో సంబంధం లేని నిపుణుని సాయంతో జరగాలని చేర్చారు. చిన్న మిల్లులకు ఆ నిర్బంధం లేకపోవచ్చును గాని, అందులోని వివేకం చిన్నవారికీ పనికివస్తుంది.

ఇక అనుభవం. రైసుమిల్లు బాయిలరు తెలిసినవానికి శీతల గిడ్డంగిలోని అమ్మోనియా గొట్టాల సంగతి తెలియకపోవచ్చును. కనుక ఎన్ని పట్టాలున్నవని అడిగి ఊరుకొనక, మనవంటి కర్మాగారాలను ఎన్నింటిని చూశారని, అక్కడ వారు చెప్పిన తరువాత ఏమి మారిందని అడగాలి. వీలైతే ఆ కర్మాగారాలకు వెళ్ళి మేస్త్రీలనే విచారించాలి.

వచ్చిన సలహాదారు ఆఫీసు గదిలో కాఫీ త్రాగి ఫైళ్ళు తిరగవేసి వెళ్ళిపోతే ఆయనకిచ్చిన రుసుము వృథా. రాత్రి షిఫ్టులో రావాలి. గంటల తరబడి మంచునీళ్ళలో చేతులుంచి రొయ్యలు వలిచే స్త్రీల ప్రక్కన నిలబడి, వారి వ్రేళ్ళను చూడాలి. ధూళిలో బస్తాలు మోసేవాని దగ్గును వినాలి. గోడమీది హెచ్చరిక ఇంగ్లీషులో మాత్రమే ఉంటే, తెలుగో ఉర్దూయో మాత్రమే చదువగలవానికి, ఒడిశా నుండి వచ్చిన కూలికి అది గోడకు పూసిన రంగుతో సమానం. ఈ సంగతి మన కళాశాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఎంతటి నిపుణుడు వచ్చినా, ఆయన మాట అల్మారాలో పడితే ఫలితం సున్న. 1982 మే నెలలో భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగారాన్ని అమెరికా నుండి వచ్చిన మాతృసంస్థ నిపుణులే పరీక్షించి, విషపదార్థాలు వెలువడే అవకాశం ఉన్నదని నివేదిక వ్రాశారు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఏమి జరిగిందో లోకమెరుగును. కాబట్టి ఒప్పందంలోనే వ్రాసుకొనవలసినది ఒకటున్నది: ఏ లోపాన్ని ఎవరు, ఏ తేదీలోగా సరిదిద్దాలి, సలహాదారు తిరిగి వచ్చి ఎప్పుడు చూడాలి. రుసుములో కొంత ఆ రెండవ రాకకు నిలిపి ఉంచడం మంచిదని మా అభిప్రాయం.

“చిన్న మిల్లువాళ్ళం, అంత సొమ్మెక్కడిది?” అని ప్రశ్న రాకపోదు. న్యాయమైన ప్రశ్నే. పది మిల్లులవారు కలిసి ఒక మంచి నిపుణుని పిలుచుకొంటే ఒక్కొక్కరిపై పడే భారం కొద్దిపాటిది. లారీ కిరాయిలు నిర్ణయించుకొనడానికి ఒకచోట చేరేవారు దీనికి మాత్రం ఎందుకు చేరరాదు?

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. అట్టి నిపుణుని ఒకరిని ఈ సంవత్సరమే పిలిపించి, మన రసాయన ప్రయోగశాలను, వంటగదిలోని గ్యాసు సిలిండర్లను చూపించండి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులను ఆయన వెంట నడవనివ్వండి. ఆయన వ్రాసి ఇచ్చిన లోపాల పట్టికను మా నోటీసు బోర్డుపై అంటించండి, రెండు భాషలలోనూ.